ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్‌లో పీజీ: చెన్నై నుంచి మొదలుపెట్టేవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

ఏటా సెప్టెంబరు దగ్గర పడేసరికి ఎవరో ఒకరు ఫోన్ చేసి "అన్నా, డెవలప్‌మెంట్ స్టడీస్‌కి ఏ యూనివర్సిటీ మంచిది?" అని అడుగుతుంటారు. పేద దేశాలు, అక్కడి మనుషులు ఎలా ఎదగాలన్నది చదివే సబ్జెక్టు అది. ఎక్కువమంది నెల్లూరు, తిరుపతి, ఒంగోలు వైపు నుంచి ఇంజినీరింగ్‌కి చెన్నై వచ్చి, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఐటీ కంపెనీల్లో కుదురుకుని, మూడు నాలుగేళ్ళకే ఆ పని మీద మనసు విరిగినవాళ్ళు. కొందరు బీఏ, బీకాం చేసి ఏదో ఒక ఎన్జీవోలో చేరినవాళ్ళు.

యూనివర్సిటీ ఎంపిక ఈ దారిలో చాలా తర్వాత వచ్చే సంగతి. ముందు మీ దగ్గర ఒక ప్రశ్న ఉండాలి. దాని వెంట మీరు కొన్నాళ్ళు తిరిగి ఉండాలి. అది ఉన్నవాళ్ళకు సీటూ, స్కాలర్‌షిప్పూ రెండూ కాస్త తేలికవుతాయి. లేనివాళ్ళు పాతిక ముప్పై లక్షలు అప్పు చేసి, లండన్‌లో ఏడాది గడిపి, మళ్ళీ అదే ఓఎంఆర్‌లో బిజినెస్ అనలిస్టులుగా చేరడం చూశాను. అందుకే ఇక్కడ చెప్పేది ఆ వరుసలోనే ఉంటుంది. మొత్తం మీద ఏడాదిన్నర సమయం పెట్టుకోండి.

మెట్టు 1: ఇది ఏ చదువో తేల్చుకోండి

1944లో బ్రెటన్ వుడ్స్ సమావేశంలో ప్రపంచ బ్యాంకుకు పునాది పడింది. 1949 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్, వెనకబడిన దేశాలకు సాంకేతిక సాయం చేస్తామని తన ప్రమాణ స్వీకారం రోజున ప్రకటించాడు. వలస పాలన నుంచి బయటపడుతున్న దేశాలు ఎవరి డబ్బుతో, ఎవరి షరతులతో ఎదగాలన్న గొడవలోంచే ఈ సబ్జెక్టు పుట్టింది. మొదట్లో అంతా జాతీయాదాయం లెక్కే. 1990లో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ ఆధ్వర్యంలో మొదటి మానవాభివృద్ధి నివేదిక వచ్చాక ఆయుష్షు, చదువు కూడా కొలతల్లోకి ఎక్కాయి. దాని వెనక అమర్త్యసేన్ ఆలోచన ఉంది. 2015లో ఐక్యరాజ్యసమితి 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు పెట్టుకుంది. వాటి గడువు 2030.

ఇదంతా జెనీవాలోనో, వాషింగ్టన్‌లోనో జరిగే వ్యవహారం అనుకుంటే పొరపాటు. ప్రపంచ బ్యాంకు అప్పుతో 1977లో మొదలైన మద్రాస్ అర్బన్ డెవలప్‌మెంట్ ప్రాజెక్టు కింద అరుంబాక్కం, విల్లివాక్కం, కొడుంగయ్యూర్‌లలో స్థలం, నీళ్ళు, రోడ్డు, మురుగు కాలువ ప్రభుత్వం ఇచ్చి, ఇల్లు మాత్రం మీరే కట్టుకోండన్నారు. మీరు రోజూ ఎక్కే చెన్నై మెట్రోలో జపాన్ సంస్థ జైకా అప్పు ఉంది. నెమ్మేలిలో సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే రెండో ప్లాంటుకు జర్మనీ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ డబ్బిచ్చింది. ఈ చదువులో మీరు చూడబోయేది ఇలాంటి వ్యవహారాలనే.

కోర్సుల పేర్లు ఒకేలా ఉన్నా లోపలి సరుకు మూడు రకాలు. ఒకటి డెవలప్‌మెంట్ స్టడీస్: రాజకీయం, చరిత్ర, సామాజిక శాస్త్రం కలిసి ఉంటాయి, చదవడం రాయడం చాలా ఎక్కువ, అభివృద్ధి అన్న మాటనే నిలదీసే ధోరణి ఉంటుంది. రెండోది డెవలప్‌మెంట్ ఎకనామిక్స్: లెక్కలు, ఎకనామెట్రిక్స్ (గణాంకాలతో ఆర్థిక విషయాలను పరీక్షించే పద్ధతి), స్టాటా లేదా ఆర్ సాఫ్ట్‌వేర్. మూడోది పబ్లిక్ పాలసీ, డెవలప్‌మెంట్ మేనేజ్‌మెంట్ రకం: ప్రాజెక్టు నడపడం, బడ్జెట్, మానిటరింగ్. బ్రోషర్‌లో ఫొటోలు పక్కనపెట్టి తప్పనిసరి పేపర్ల జాబితా చూడండి, ఏ రకమో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఇంజినీరింగ్ చేసినవాళ్ళు అలవాటు కొద్దీ రెండోదానికి మొగ్గుతారు. నన్నడిగితే, మీ ఆసక్తి మనుషులతో మాట్లాడటం మీద ఉంటే మొదటిదే పట్టుకోండి; లెక్కలు వచ్చిన మనిషి ఆ క్లాసులో అరుదు, అదే మీకు బలమవుతుంది.

మెట్టు 2: డబ్బు ఎటు పోతోందో చూడండి

ఇంట్లో చెప్పేముందే ఉద్యోగాల సంగతి తెలుసుకోవాలి, లేకపోతే నాన్నగారి మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. 2025 జులై 1తో అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ మూతపడింది. బ్రిటన్ తన జాతీయాదాయంలో విదేశీ సాయం వాటాను 2021లోనే 0.7 నుంచి 0.5 శాతానికి తగ్గించింది, 2027కల్లా 0.3కి దించుతామని ప్రకటించింది. మన దేశంలో 2020లో ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) సవరణతో విదేశీ విరాళం తీసుకున్న సంస్థ ఇంకో సంస్థకు ఇవ్వడం నిషేధమైంది, పాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి పడిపోయింది. పెద్ద ఎన్జీవో దగ్గర డబ్బు తీసుకుని పల్లెల్లో పనిచేసే చిన్న సంస్థల మీద ఈ దెబ్బ గట్టిగా పడింది.

మరోవైపు 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు నికర లాభంలో 2 శాతం సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద ఖర్చు పెట్టాలి. కాబట్టి ఇప్పుడు కొలువులు కార్పొరేట్ ఫౌండేషన్లలో, రాష్ట్ర ప్రభుత్వాలకు సలహాలిచ్చే కన్సల్టెన్సీల్లో, సర్వేలు చేసే పరిశోధనా సంస్థల్లో, వాతావరణ మార్పుల మీద పనిచేసేచోట ఎక్కువగా కనిపిస్తున్నాయి. ఐక్యరాజ్యసమితి నీలం రంగు ఐడీ కార్డు కోసమే ఈ చదువు అనుకుంటే మాత్రం ఇంకోసారి ఆలోచించండి.

మెట్టు 3: ప్రశ్న పట్టుకోండి

ఈ మెట్టుకు ఎక్కువ సమయం ఇవ్వండి. "నాకు నీటి సమస్యల మీద ఆసక్తి" అనేది ప్రశ్న కాదు. దాన్ని ఎలా కుదించాలో ఒక ఉదాహరణతో చూద్దాం, మనకు బాగా దగ్గరిదే.

చెన్నైకి కృష్ణా నీళ్ళు తెచ్చే తెలుగు గంగ ఒప్పందం 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు మధ్య కుదిరింది. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీలు వదులుకుంటే 15, దారిలో పోయే నష్టం తీసేస్తే చెన్నైకి చేరాల్సింది 12. శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా కాలువ వచ్చి, ఊత్తుకోట దగ్గర తమిళనాడులో అడుగుపెట్టి పూండి జలాశయంలో కలుస్తుంది. మొదటిసారి నీళ్ళు చేరింది 1996లో. ఎండాకాలంలో దారి పొడుగునా రైతులు మోటార్లు పెట్టి తోడుకుంటున్నారని చెన్నై పత్రికల్లో వార్తలు వస్తూనే ఉంటాయి. చెన్నై వైపు నుంచి చూస్తే అది నీటి దొంగతనం. నెల్లూరు, తిరుపతి వైపు రైతుకు తన పొలం పక్క నుంచే పోతున్న నీళ్ళు.

ఇప్పుడు ప్రశ్న తయారు చేద్దాం. "తెలుగు గంగ ఎందుకు విఫలమైంది?" చాలా పెద్దది, పైగా జవాబు ముందే తేల్చేసింది. "కాలువ పక్క రైతులు ఎన్ని నీళ్ళు తోడుకుంటున్నారు?" కొలవడానికి ఇంజినీర్లు కావాలి, మీరు సరిపోరు. "ఒప్పందంలో పేరు లేని రైతుకు, కాలువ తన ఊరి మీదుగా పోతున్నప్పుడు, ఎన్ని నీళ్ళు తోడుకోవచ్చో ఆ ఊళ్ళో ఎవరు, ఎలా నిర్ణయిస్తారు?" ఇది ఒక మనిషి, రెండు మూడు ఊళ్ళు, ఒక ఎండాకాలంలో తేల్చగలిగిన ప్రశ్న. పైగా నదీ జలాల మీద ప్రపంచమంతా ఉన్న చర్చకు నేరుగా ముడిపడుతుంది.

చెన్నైలో ఉన్న తెలుగువాళ్ళకు ఇంకో సౌకర్యం ఉంది. నగర పారిశుద్ధ్య కార్మికుల్లో చాలామంది తరాల క్రితం ఆంధ్ర నుంచి వచ్చిన దళిత కుటుంబాలవాళ్ళు, ఇళ్ళలో ఇప్పటికీ తెలుగే. 2025 ఆగస్టులో రెండు జోన్ల పారిశుద్ధ్య పని ప్రైవేటుకు ఇవ్వడాన్ని నిరసిస్తూ వాళ్ళు కార్పొరేషన్ ఆఫీసైన రిప్పన్ బిల్డింగ్ ముందు రోజుల తరబడి కూర్చున్నారు. ప్రభుత్వ పనిని కాంట్రాక్టుకు ఇస్తే కార్మికుడి జీవితంలో ఏం మారుతుందన్నది లాటిన్ అమెరికాలోనూ, ఆఫ్రికాలోనూ చదివే ప్రశ్నే. తమిళ పరిశోధకులు కష్టపడి దుబాసీని పెట్టుకునే చోట మీరు నేరుగా అరుగు మీద కూర్చుని మాట్లాడొచ్చు. అలాగని తమిళం అక్కర్లేదని కాదు. ఆఫీసుల్లో పని జరగాలన్నా, బోర్డులు చదవాలన్నా అది రావాల్సిందే.

ఇంకా కావాలంటే ఓఎంఆర్ ఐటీ టవర్ల వెనకే కణ్ణగి నగర్, పెరుంబాక్కం ఉన్నాయి. నగరం నడిబొడ్డున నదుల ఒడ్డు నుంచి ఖాళీ చేయించినవాళ్ళను తెచ్చి పెట్టిన కాలనీలు అవి. స్కూళ్ళలో అన్నం మీద ఆసక్తి ఉంటే 1920లో మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ బడిలో మొదలుపెట్టిన మధ్యాహ్న భోజనం నుంచి, కామరాజ్ 1956, ఎంజీఆర్ 1982, 2022 నాటి ఉదయం టిఫిన్ పథకం దాకా ఒకే నగరంలో నూరేళ్ళ చరిత్ర దొరుకుతుంది. ఆ మొదటి పథకం పెట్టిన పిట్టి త్యాగరాయ చెట్టి తెలుగు కుటుంబం వాడే, టీ నగర్‌లో టీ ఆయన పేరే.

మెట్టు 4: చదవండి, తిరగండి

కొట్టూర్‌పురంలో అన్నా శతజయంతి గ్రంథాలయం ఉంది, శని ఆదివారాలు పోటీ పరీక్షల పిల్లలతో నిండిపోతుంది కాబట్టి పొద్దున్నే వెళ్ళండి. అడయార్ గాంధీనగర్‌లోని మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్‌ను యునెస్కోలో పెద్ద పదవిలో పనిచేసి వచ్చిన మాల్కం ఆదిశేషయ్య 1971లో స్థాపించారు. అక్కడ పీహెచ్‌డీ పరిశోధన జరుగుతుంది, సెమినార్లు పెడుతుంటారు. వెనక వరసలో కూర్చుని వినండి, ప్రశ్న అడగడం ఎలాగో అక్కడే అర్థమవుతుంది. ఎకనామిక్స్ పునాది కావాలంటే ఎంఐటీ ఆన్‌లైన్‌లో నడిపే డేటా, ఎకనామిక్స్ అండ్ డిజైన్ ఆఫ్ పాలసీ కోర్సులు మంచివి.

చదువుతో పాటు ఏదైనా సంస్థలో వారాంతాల్లో సర్వే పనికి వెళ్ళండి. ఫోటోలు దిగే వాలంటీరు పని వద్దు, ఫారం పట్టుకుని ఇంటింటికీ తిరిగే పని అడగండి. కోబో టూల్‌బాక్స్ నేర్చుకోండి. ఫోన్లోనే ప్రశ్నాపత్రం తయారుచేసి, నెట్ లేకపోయినా జవాబులు నింపుకోవచ్చు.

ఫీల్డులో నేర్చుకునేది చాలా చిన్న చిన్న విషయాల్లో ఉంటుంది. "నెలకు నీళ్ళ మీద ఎంత ఖర్చు పెడతారమ్మా?" అని అడిగితే ఆవిడ కాసేపు ఆలోచించి "ఒక మూడొందలుంటుందేమో" అంటుంది. అది లెక్క కాదు, మిమ్మల్ని పంపించేయడానికి చెప్పిన అంకె. అదే "నిన్న ఎన్ని బిందెలు పట్టారు? ఎవరు వెళ్ళారు? లారీ ఎన్నింటికొచ్చింది? క్యాను ఏమైనా కొన్నారా?" అని అడగండి. నిన్నటి సంగతి గనక గుర్తుంటుంది, చెప్తుంటే పక్కింటావిడ కూడా వచ్చి సరిచేస్తుంది. పొద్దున లారీ కోసం ఆగడం వల్ల ఇళ్ళపనికి ఆలస్యమై యజమానురాలు సగం రోజు జీతం కోసిన సంగతి అప్పుడు బయటికొస్తుంది. మీ ఫారంలో దానికి గడి ఉండదు. పక్కన నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత మీ దరఖాస్తును నిలబెట్టేది ఆ నోట్‌బుక్కే.

మెట్టు 5: ఇప్పుడు యూనివర్సిటీ

పని అనుభవం లేకుండా నేరుగా విదేశాలకు వెళ్ళడం నాకు నచ్చని సంగతి. క్లాసులో పక్కన కూర్చున్నవాళ్ళు కెన్యాలోనో, నేపాల్‌లోనో ఐదేళ్ళు పనిచేసి వచ్చినవాళ్ళై ఉంటారు, మీ దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు. రెండేళ్ళు పనిచేయండి, లేదా ముందు ఇక్కడే చదవండి.

మన దేశంలో: ఐఐటీ మద్రాస్ ఇదివరకు ఇంటర్ తర్వాత ఐదేళ్ళ ఎంఏ నడిపేది, ఇప్పుడు డెవలప్‌మెంట్ స్టడీస్‌లో రెండేళ్ళ ఎంఏ ఉంది, గేట్ స్కోరుతో చేర్చుకుంటారు. గేట్‌లో హ్యుమానిటీస్ పేపర్ 2021 నుంచి ఉంది. ఏ పేపర్ స్కోరు చెల్లుతుందో ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. బెంగళూరు శివార్లలో సర్జాపుర దగ్గర అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీ ఎంఏ డెవలప్‌మెంట్‌లో కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు సాయం ఉంటుంది, ఫీల్డ్ పని గట్టిగా చేయిస్తారు. అప్పు లేకుండా చదవాలనుకునేవాళ్ళకు నా మొదటి మాట అదే. ఐఐటీ గువాహటి, టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) కూడా చూడండి.

బయట: బ్రిటన్‌లో మాస్టర్స్ ఒక్క ఏడాదే. ససెక్స్‌లో 1966లో మొదలైన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్, లండన్‌లోని ఎల్ఎస్ఈ (లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్), సోయాస్, మాంచెస్టర్ గ్లోబల్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ పేరున్నవి. ఆక్స్‌ఫర్డ్ ఎంఫిల్ రెండేళ్ళు, పరిశోధనకు వెళ్ళేవాళ్ళకు అది మేలు. నెదర్లాండ్స్‌లో హేగ్‌లోని ఐఎస్ఎస్ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ స్టడీస్) 1952 నుంచి ఉంది, ఆసియా, ఆఫ్రికా విద్యార్థులే ఎక్కువ. హార్వర్డ్ ఎంపీఏ ఐడీ (ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్‌లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ మాస్టర్స్) మాత్రం లెక్కలు, ఎకనామిక్స్ బాగా వచ్చినవాళ్ళకే. ర్యాంకుల పట్టిక చూడకండి. మీ ప్రశ్న మీద పనిచేస్తున్న ప్రొఫెసర్ ఎక్కడున్నారో వెతకండి.

మెట్టు 6: డబ్బు సర్దుబాటు

బ్రిటన్‌లో ఫీజే 20 వేల పౌండ్లు దాటుతుంది, ఇంటి అద్దె వేరే. సొంత డబ్బుతో వెళ్ళే చదువు కాదిది. అందుకే స్కాలర్‌షిప్ తేదీలనే మీ క్యాలెండర్‌గా పెట్టుకోండి, అడ్మిషన్ తేదీలు వాటంతటవే కుదురుతాయి.

బ్రిటన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ చివెనింగ్‌కు కనీసం 2,800 గంటల పని అనుభవం, అంటే సుమారు రెండేళ్ళు, ఉండాలి. పార్ట్‌టైం, వాలంటీరు పని కూడా లెక్కలోకి వస్తుంది. దరఖాస్తులు ఆగస్టులో తెరుచుకుంటాయి. చదువయ్యాక రెండేళ్ళు మన దేశంలో ఉండాలన్న షరతు ఉంది. ఫీలిక్స్ స్కాలర్‌షిప్ ఆక్స్‌ఫర్డ్, సోయాస్, రీడింగ్‌లలో ఉంది. యూరప్‌లో యూరోపియన్ యూనియన్ డబ్బిచ్చే ఎరాస్మస్ ముండస్ పథకం కింద గ్లోడెప్ అనే రెండేళ్ళ కోర్సు చెక్, ఫ్రాన్స్, ఇటలీ మూడు దేశాల యూనివర్సిటీలు కలిసి నడుపుతాయి. స్కాలర్‌షిప్‌కు ఎంపికైతే ఫీజు లేదు, పైగా నెలకు 1,400 యూరోలు. మనవాళ్ళు దీన్ని ఎందుకో పట్టించుకోరు.

ఎస్సీ, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాల పిల్లలకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. తెలుగు రాష్ట్రాల విదేశీ విద్య పథకాలు ఆశించేవాళ్ళు ఒకటి గమనించాలి: చెన్నైలోనే పుట్టి పెరిగినవాళ్ళ కుల ధ్రువపత్రం, స్థానికత ఏ రాష్ట్రంలో ఉందో ముందే తేల్చుకోవాలి. తహసీల్దార్ ఆఫీసు పని చివరి వారంలో జరగదు.

మెట్టు 7: ఎస్ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో మీరు రాసే వ్యాసం), రికమండేషన్లు

"చిన్నప్పటి నుంచి పేదలకు సేవ చేయాలన్నది నా కోరిక" అని మొదలయ్యే ఎస్ఓపీలు కమిటీలు కట్టలు కట్టలుగా చూస్తాయి. ఇలా మొదలుపెట్టి చూడండి: "2019 జూన్‌లో చెన్నై జలాశయాలు అడుగంటినప్పుడు మా వీధికి నీళ్ళ లారీ ఎప్పుడొస్తుందో చాలామందికి తెలిసేది కాదు. ఇద్దరు ముగ్గురికి మాత్రం ముందే తెలిసేది. వాళ్ళ డ్రమ్ములు ఎప్పుడూ నిండే ఉండేవి. కరువులో నీళ్ళతో పాటు కబురు కూడా ఎలా పంపిణీ అవుతుందో తెలుసుకోవాలనుకుంటున్నాను." ఇందులో ఊరుంది, ఏడాది ఉంది, మీరు గమనించినది ఉంది, ప్రశ్న ఉంది. తర్వాతి పేరాలో మీరు చేసిన సర్వే పని, ఆ తర్వాత ఈ కోర్సులో ఏ పేపర్ ఎందుకు కావాలో రాయండి. ముందు తెలుగులో రాసుకుని తర్వాత ఇంగ్లీషులో రాస్తే గాలి మాటలు సగం రాలిపోతాయి.

రికమండేషన్ లెటర్ల కోసం కాలేజీ హెచ్ఓడీ సంతకం వెంట పడకండి. మీ పేరు మర్చిపోయిన పెద్దాయన కంటే మీతో ఎండలో తిరిగిన ఫీల్డ్ కోఆర్డినేటర్ రాసేదానికే విలువ. ఒకటి చదువు మీద, ఒకటి పని మీద ఉండేలా చూసుకోండి. ఆరు వారాల ముందే అడగండి.

మెట్టు 8: సీటు వచ్చాక

ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్ళే చెల్లుతుంది, తొందరపడి ముందే రాయకండి. బ్రిటన్ వీసాకు టీబీ పరీక్ష, 28 రోజులు ఖాతాలో కదలకుండా ఉన్న డబ్బు కావాలి. 2024 జనవరి నుంచి మాస్టర్స్ విద్యార్థులు జీవిత భాగస్వామిని వెంట తీసుకెళ్ళే వీలు దాదాపు లేదు, పెళ్ళైనవాళ్ళు ఇది ఇంట్లో ముందే మాట్లాడుకోండి. చదువు తర్వాత అక్కడ ఉండి పనిచేసే గ్రాడ్యుయేట్ వీసా 2026 డిసెంబరు దాకా దరఖాస్తు చేసేవాళ్ళకు రెండేళ్ళు, 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్ళకు ఏడాదిన్నరే.

బ్రిటన్‌లో డిసర్టేషన్ (కోర్సు చివర రాసే పరిశోధన వ్యాసం) పని మే నుంచి ఆగస్టు దాకా. అంటే మన ఎండాకాలం చివర, లారీల కోసం క్యూలు నడిచే రోజులు. చెన్నై వచ్చి ఫీల్డ్ పని చేయాలంటే యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి: ఎవరిని కలుస్తారు, వాళ్ళ పేర్లు ఎలా దాస్తారు, తెలుగులో అనుమతి పత్రం ఏది, అన్నీ అడుగుతారు. ఆ ఫారం ఫిబ్రవరిలోనే మొదలుపెట్టి ఈస్టర్ సెలవులకు ముందే సంతకాలు చేయించుకుంటే, మే నెలాఖరుకల్లా పెరుంబాక్కంలో పని మొదలుపెట్టొచ్చు.